తోపుకు లెక్క రాస్తారు, తోపు పక్కన నిలబడ్డ మనిషికి రాయరు

ఖండన ప్రకటన
శంషాబాద్, రంగారెడ్డి జిల్లా

శంషాబాద్, రాళ్ళగూడ, గగన్‌పహాడ్, తొండుపల్లి, మామిడిపల్లి చుట్టుపక్కల కాపురాలు ఉంటున్న మాజీ సైనికులం మేము. మాలో చాలామంది యూనిఫాం ఇంకా విప్పలేదు. ఫౌజు యూనిఫాం పోయి సెక్యూరిటీ యూనిఫాం వచ్చింది. విమానాశ్రయం చుట్టూ ఉన్న గోదాముల దగ్గర, హోటళ్ళ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన లేచిన అపార్టుమెంట్ల గేట్ల దగ్గర రాత్రీ పగలూ నిలబడేది మేమే. మా సభ్యుడొకరికి ఈమధ్య జరిగిన రెండు అన్యాయాలను మా సంఘం తీవ్రంగా ఖండిస్తోంది.

ఆయన తోప్‌ఖానాలో, అంటే ఫిరంగి దళంలో, 24 ఏళ్ళు పనిచేశారు. చివరి ఆరేళ్ళు ఉస్తాదుగా కొత్త కుర్రాళ్ళకు తోపు నేర్పారు. ఇప్పుడు చెవుల్లో ఎడతెగని కూత. వారానికి మూడు నాలుగు రోజులు తలనొప్పి. చెప్పిన మాట పది నిమిషాల్లో జారిపోతుంది. నెమ్మదస్తుడని పేరున్న మనిషికి ఇంట్లో చిన్న మాటకే కోపం తన్నుకొస్తోంది. డిజేబిలిటీ పెన్షన్ కోసం అర్జీ పెడితే రెండు వాక్యాల జవాబు వచ్చింది: సర్వీసులో ఏ పేలుడులోనూ గాయపడినట్టు రికార్డు లేదట, జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదట. ఇది మొదటి అన్యాయం. ఆ జవాబు వచ్చిన నెలలోనే ఆయన పనిచేస్తున్న సెక్యూరిటీ ఏజెన్సీ, లారీల నంబర్లు మరిచిపోతున్నాడని, నలుగురిలో "తల తిరిగినోడు" అని, డ్యూటీలోంచి తీసేసింది. ఇది రెండోది. ఏజెన్సీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ మాట ఒక్క ఏజెన్సీది కాదు, చాలా గేట్ల దగ్గర విన్నదే.

ఈ ప్రకటన రాస్తున్న నేనూ తోప్‌ఖానా హవల్దారునే. అందుకే "ఏ పేలుడులోనూ గాయపడలేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నిజమే, ఆయన ఒంటి మీద ఒక్క ముక్క కూడా దిగలేదు. శత్రువు గుండు ఆయన దగ్గర పడలేదు. ఆయన్ను కొట్టినవి మన గుండ్లే. తాను పేల్చినవి, తన కళ్ళముందు కుర్రాళ్ళు పేల్చినవి, ఒకదాని తర్వాత ఒకటి, ఏళ్ళ తరబడి. పెద్ద పేలుడు ఒక్కసారి మనిషిని పడేస్తుంది, రికార్డుకెక్కుతుంది. ఈ చిన్న దెబ్బలు మనిషిని నిలబెట్టే కొడతాయి. సాయంత్రం తోపు తుడిచి, రొట్టె తిని, పొద్దున మళ్ళీ అక్కడే నిలబడతాడు. ఆ రోజు గురించి ఎవరూ ఏమీ రాయరు.

బయటివాళ్ళు తోపు అంటే చప్పుడే అనుకుంటారు. చప్పుడు చెవికి తగిలేది. దాంతోపాటు గాలి గోడలా లేచి మనిషి ఒంటినంతా గుద్దుతుంది. గుండెలో తెలుస్తుంది, పళ్ళలో తెలుస్తుంది, కళ్ళ వెనక తెలుస్తుంది. చెవిలో దూది పెట్టినా, మంచి ప్లగ్గులు పెట్టినా ఆ ఒత్తిడి పుర్రెను వదలదు. పెద్ద తోపుల గొట్టం మూతి దగ్గర పక్కలకు సందులున్న ఒక దిమ్మ ఉంటుంది, మజిల్ బ్రేక్ అంటాం. వెలువడే వాయువును అది పక్కలకు, వెనక్కి మళ్ళిస్తుంది. తోపు తన్ను తగ్గుతుంది. తోపుకు తప్పిన దెబ్బలో కొంత వెనక నిలబడ్డ మనుషుల మీదికి వస్తుంది. మోర్టారులోకి బాంబు జారవిడిచి తల వంచుకునేవాడికీ ఇదే. 84 ఎంఎం రాకెట్ లాంచరును భుజాన పెట్టుకుని చెంపకు ఆనించి పేల్చేవాడికి ఇంకా దగ్గరగా తగులుతుంది. తలుపులు పేల్చి లోపలికి దూకే కమాండోలకు నాలుగు గోడల మధ్య ఆ ఒత్తిడి గోడలకు కొట్టుకుని మళ్ళీ మీదికొస్తుంది. అందరికంటే ఎక్కువ తినేది ఉస్తాదు. కుర్రాడు పది రౌండ్లు పేల్చి వెళ్ళిపోతాడు. ఆ వెనక ఇంకో కుర్రాడు వస్తాడు. ఉస్తాదు మాత్రం కదలడు.

ఇప్పుడు అసలు మాట. ప్రతి తోపుకూ ఒక పుస్తకం ఉంటుంది. ఏ రోజు ఎన్ని రౌండ్లు పేల్చింది, ఏ ఛార్జితో పేల్చింది, అంతా అందులో ఎక్కుతుంది. చిన్న ఛార్జీలను కూడా పూర్తి ఛార్జి కొలతలోకి మార్చి కూడతారు. లెక్క నిండితే గొట్టం అరిగిందని దాన్ని తీసేసి కొత్తది వేస్తారు. ఇనుముకు ఇంత శ్రద్ధ తీసుకున్న చేతులతోనే, దాని పక్కన నిలబడ్డ ఆరేడుగురు మనుషులకు ఎన్ని దెబ్బలు తగిలాయో ఒక్క గీత కూడా గీయలేదు. నా డిశ్చార్జి బుక్కులో నా ఎత్తు ఉంది, ఛాతీ కొలత ఉంది, పుట్టుమచ్చలున్నాయి. నేను ఎన్ని రౌండ్ల దగ్గర నిలబడ్డానో లేదు. లెక్క రాయనిది సర్కారు. లెక్క చూపించలేదని అర్జీ కొట్టేసేదీ సర్కారే. మేము ఖండిస్తున్నది దీన్ని.

1999 కార్గిల్‌ను తలుచుకోండి. ఆ యుద్ధంలో మన తోపులు, మోర్టార్లు, రాకెట్లు కలిపి రెండున్నర లక్షలకు పైగా గుండ్లు కురిపించాయి. ఒక్కో బ్యాటరీ, అంటే తోపుల దళం, సగటున నిమిషానికి ఒకటికి మించి గుండ్లు, 17 రోజులపాటు పేల్చిందని సైన్యమే గర్వంగా చెప్పింది. టైగర్ హిల్ పట్టిన రోజున 9,000 గుండ్లు. బోఫోర్స్ తోపు పేరు అప్పుడు దేశంలో చిన్నపిల్లలక్కూడా తెలుసు. ఆ బోఫోర్స్ వెనక కొండగాలిలో, నిద్ర లేకుండా గుండ్లు మోసి, తోసి, తాడు లాగినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. ఆనాటి పాతికేళ్ళ కుర్రాళ్ళకు ఇప్పుడు యాభై దాటింది. మా సంఘంలో ఉన్న ఆనాటి గన్నర్లను ఇన్నేళ్ళలో ఒక్కరంటే ఒక్కరు పిలిచి, "తల ఎలా ఉంది? నిద్ర పడుతోందా?" అని అడిగిన పాపాన పోలేదు. కార్గిల్ విజయ్ దివస్‌కు శాలువా మాత్రం తప్పకుండా వస్తుంది.

ఇది మా మనసు పుట్టించిన భయమా? వందేళ్ళ కిందట కూడా ఇదే అడిగారు. మొదటి ప్రపంచయుద్ధంలో గుండ్ల వాన కింద పడి చూపు, జ్ఞాపకం చెడిన సైనికుల గురించి చార్లెస్ మైయర్స్ అనే వైద్యుడు 1915లో లాన్సెట్ పత్రికలో రాశాడు. షెల్ షాక్ అన్న మాట అక్కడినుంచే వైద్యులకు ఎక్కింది. రోగులు వేలల్లో పెరిగేసరికి 1917లో బ్రిటిష్ సైన్యం ఆ మాటనే వాడొద్దంది. దాని బదులు "నరాల జబ్బు, ఇంకా నిర్ధారణ కాలేదు" అన్న చీటీ కట్టింది. చీటీ మారింది, చేతులు వణకడం ఆగలేదు. మా సభ్యుడికి వచ్చిన జవాబు చదివితే నాకు ఆ చీటీయే గుర్తొచ్చింది.

ఆ తర్వాత సైన్స్ ఊరుకోలేదు. 2016లో డేనియల్ పెర్ల్ బృందం పేలుళ్ళకు గురై తర్వాత చనిపోయిన అమెరికా సైనికుల మెదళ్ళను కోసి చూసింది. మెదడులో బూడిదరంగు పదార్థం, తెల్ల పదార్థం కలిసే అంచుల్లో, రక్తనాళాల చుట్టూ, లోపలి గదుల గోడల వెంట మచ్చలు కట్టి ఉన్నాయి. మామూలు స్కానింగులో అవి కనిపించవు. "స్కాన్ నార్మల్‌గా ఉంది, నీకేం లేదు" అని మా వాళ్ళను పంపేసే డాక్టర్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాం. 2017లో సిరియాలోని రక్కా మీద అమెరికా మెరైన్ల తోపుల దళం ఐదు నెలల్లో 35,000 గుండ్లు పేల్చింది. వాళ్ళ దగ్గర శత్రువు గుండ్లు పెద్దగా పడలేదు. ఇంటికొచ్చాక ఆ కుర్రాళ్ళలో కొందరికి లేని మనుషులు కనిపించడం, భయాలు, ఆత్మహత్యలు. 2023లో న్యూయార్క్ టైమ్స్ ఈ కథంతా బయటపెట్టింది. 2024లో 30 మంది అమెరికా ప్రత్యేక దళాల సైనికులను పరీక్షించినప్పుడు, ఎక్కువ పేలుళ్ళ దగ్గర నిలబడ్డవాళ్ళలో భావోద్వేగాన్ని అదుపు చేసే మెదడు ముందుభాగంలో తేడాలు కనిపించాయి. మా వాళ్ళ ఇళ్ళల్లో కోపం ఎక్కడినుంచి ఊడిపడుతోందో తెలియక నలుగుతున్న ఆడవాళ్ళకు ఈ మాట చేరాలి.

ఒక సంగతి కష్టంగానే రాస్తున్నాను. 2023 అక్టోబరు 25న అమెరికాలోని మెయిన్ రాష్ట్రం లూయిస్టన్‌లో రాబర్ట్ కార్డ్ 18 మందిని కాల్చి చంపాడు. అతను ఆర్మీ రిజర్వులో గ్రెనేడ్లు విసరడం నేర్పే శిక్షకుడు. ఏళ్ళపాటు గ్రెనేడ్ల పేలుళ్ళ పక్కనే నిలబడ్డాడు. బోస్టన్ విశ్వవిద్యాలయంలో అతని మెదడును పరిశీలిస్తే తెల్ల పదార్థంలో నరాల తీగలు గట్టిగా దెబ్బతిన్నట్టు తేలింది. ఆ నేరాన్ని మేము ఏ విధంగానూ వెనకేసుకు రావడం లేదు, చనిపోయినవాళ్ళు మన బిడ్డల్లాంటివాళ్ళే. ఈ ఉదంతాన్ని పట్టుకుని ఫౌజులో పనిచేసినవాళ్ళందరినీ ప్రమాదకరమైనవాళ్ళుగా చూసే మాటలను కూడా ఖండిస్తున్నాం. దెబ్బతిన్న సైనికుడు ముందుగా తనకే ప్రమాదం, తర్వాత తన ఇంటికి. వీధికి ప్రమాదమయ్యేది లక్షల్లో ఒకడు. ఆ ఒక్కడిని కూడా ముందే గుర్తుపట్టి వైద్యం చేయడానికి లెక్కలు కావాలి.

ప్రతి తలనొప్పీ తోపువల్లే వచ్చిందని మేము అనడం లేదు. బీపీ, షుగర్, మందు అలవాటు, నెలల తరబడి నైట్ డ్యూటీ, అప్పులు, అన్నీ మా మధ్య ఉన్నాయి. ఎంత ఒత్తిడి, ఎన్నిసార్లు తగిలితే ఎవరికి ఎంత చేటన్నది శాస్త్రం ఇంకా తేలుస్తూనే ఉంది. ఆ తేల్చే పని జరగాలంటే ఎవరో ఒకరు రాయడం మొదలుపెట్టాలి. అమెరికా కూడా దీన్ని మంచితనంతో మొదలుపెట్టలేదు. హెల్మెట్ మీద, భుజం మీద పెట్టే చిన్న కొలత పరికరాలను సైనికులకు ఇచ్చి, అంకెలను ఎలా అర్థం చేసుకోవాలో తెలియడం లేదని 2016 ప్రాంతంలో పక్కన పడేసింది. చనిపోయిన సైనికుల తల్లిదండ్రులు, పత్రికలు, వాళ్ళ పార్లమెంటు గట్టిగా పట్టుకుంటేనే 2024 ఆగస్టులో రక్షణశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. చదరపు అంగుళానికి 4 పౌండ్ల అదనపు ఒత్తిడిని హద్దుగా పెట్టింది. అది దాటే ఆయుధాల దగ్గర అవసరం లేని మనిషిని నిలబెట్టొద్దు, ఎడం పాటించాలి, కొత్తగా చేరినవాళ్ళ జ్ఞాపకశక్తిని, ఆలోచనా వేగాన్ని మొదట్లోనే పరీక్షించి పెట్టుకోవాలి అంది. ఆ దేశం చేసినవన్నీ గొప్పవని మేము అనం. ఈ ఒక్కటి మనమూ చేసుకోవచ్చు.

మన చేతిలో లేనిదా? మామిడిపల్లికి దగ్గర్లోనే, పహాడీషరీఫ్ ప్రాంతంలో, రీసెర్చ్ సెంటర్ ఇమారత్ ఉంది. 1988లో అబ్దుల్ కలాం గారి పూనికతో వచ్చిన సంస్థ అది. వందల కిలోమీటర్లు ఎగిరే క్షిపణికి దారి చూపే పరికరాలు అక్కడ తయారవుతాయి. ట్యాంకులను కొట్టే క్షిపణులు భానూరులో, సైనికులను మోసే సారథ్ బండ్లు ఎద్దుమైలారంలో తయారవుతాయి. గన్నర్లను తయారుచేసే ఆర్టిలరీ సెంటర్ 1962 నుంచి గోల్కొండ కోట పక్కన ఉంది, మా దగ్గరినుంచి ఔటర్ మీద అరగంట దారి. ఇన్ని ఉన్న ఊళ్ళో, గన్నరు చొక్కాకు తగిలించే బొత్తాం అంత ఒత్తిడి కొలత తయారు చేయలేమంటే ఎవరు నమ్ముతారు?

చట్టం కూడా మా వైపే ఉంది. సిగ్నల్స్ దళంలో చేరి, మూర్ఛ జబ్బుతో బయటికి పంపబడ్డ సిపాయి ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013 జులైలో స్పష్టంగా చెప్పింది. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు రాయకపోతే ఆరోగ్యంగా చేరినట్టే. తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుతో సంబంధం లేదని నిరూపించాల్సిన బాధ్యత సైనికుడిది కాదు, సర్కారుది. మెడికల్ బోర్డు కారణాలు రాయాలి. ఇంత తీర్పు చేతిలో ఉండగా ఇంకా ఒక్కో హవల్దారు, ఒక్కో నాయక్ సైనిక ట్రిబ్యునల్ మెట్లు ఎందుకు ఎక్కాలి? గెలిచినవాడి మీద సర్కారు పైకోర్టుకు ఎందుకు వెళ్ళాలి? 2023 సెప్టెంబరు 21 నుంచి అమల్లో ఉన్న కొత్త వైకల్య పెన్షన్ నియమాలు ఈ దారిని మరింత ఇరుకు చేశాయని దేశమంతటా మాజీ సైనికులు మొత్తుకుంటున్నారు. మా గొంతూ అందులో కలుపుతున్నాం.

మా సంగతికంటే ఎక్కువగా మమ్మల్ని నిద్రపోనివ్వనిది, నాలుగేళ్ళకే చేర్చుకునే అగ్నివీరుల సంగతి. 2024 అక్టోబరులో దేవ్‌లాలీ రేంజిలో తోపు ఫైరింగ్ చేస్తుండగా గుండు పేలి ఇద్దరు అగ్నివీరులు చనిపోయారు. ఒకరికి ఇరవై, ఇంకొకరికి ఇరవై ఒకటి. వాళ్ళు మన హైదరాబాద్ ఆర్టిలరీ సెంటర్ నుంచి శిక్షణకు వెళ్ళిన పిల్లలు. 2025 మే 9న సరిహద్దులో పాకిస్తాన్ కాల్పులకు బలైన మురళీ నాయక్, శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండా బిడ్డ, అతనూ అగ్నివీరుడే. ఆ మరణాలకు దేశం తల వంచింది. తోపుల దగ్గర నాలుగేళ్ళు నిలబడి, పైకి ఏమీ కాకుండా ఇంటికొచ్చే వాళ్ళను ఎవరు చూస్తారు? నాలుగేళ్ళ తర్వాత నూటికి 25 మందిని మించి ఉంచుకోరు. మిగతావాళ్ళకు సేవానిధి కింద దాదాపు 11.71 లక్షలు ఇచ్చి పంపేస్తారు. పెన్షన్ లేదు, మాజీ సైనికులకిచ్చే ఈసీహెచ్‌ఎస్ వైద్యం లేదు, మాజీ సైనికుడన్న హోదా కూడా లేదు. వైకల్యానికి పరిహారం ఉంది. అది సర్వీసు వల్లే వచ్చిందని తేలాలి. చెవుల్లో కూత, మతిమరుపు, నిద్రలేమి ముప్ఫై ఐదేళ్ళకు పైకి తేలితే ఆ కుర్రాడు ఏ కాగితం పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలి? తొలి బ్యాచ్ పిల్లలు 2022 చివర, 2023 మొదట్లో చేరారు. 2026 చివరినుంచి వాళ్ళు బయటికి రావడం మొదలవుతుంది. కేంద్ర పోలీసు బలగాల్లో వాళ్ళకు 10 శాతం ఉద్యోగాలు అని 2022లో అన్నారు. కొందరు రేపు ఇదే శంషాబాద్ విమానాశ్రయం దగ్గర సీఐఎస్‌ఎఫ్ యూనిఫాంలో నిలబడతారు. ఇంకా చాలామంది మాతోపాటు గోదాముల గేట్ల దగ్గర.

అందుకని రక్షణ మంత్రిత్వశాఖను, సైనిక వైద్య విభాగాన్ని మేము కోరేది ఇది. తోపు పుస్తకంలో రాసే లెక్కనే, ఆ రోజు ఆ తోపు మీద పనిచేసిన ప్రతి మనిషి పేరు మీదా రాయండి. ఇందుకు కొత్త యంత్రం కూడా అక్కర్లేదు, ఇంకో గడి చాలు. ఉస్తాదులకు హద్దు పెట్టండి, ఫైరింగ్ కోర్సుల మధ్య విశ్రాంతి ఇవ్వండి. బయటికి వెళ్ళే ప్రతి అగ్నివీరుడికీ వినికిడి, జ్ఞాపకం, నిద్ర పరీక్షలు చేసి ఆ కాగితం చేతికివ్వండి, ఆ తర్వాత కూడా వైద్యం దొరికే ఏర్పాటు చెయ్యండి. తోపు, మోర్టారు, రాకెట్ లాంచరు మీద ఏళ్ళు గడిపినవాడికి ఈ జబ్బులు వస్తే, కాదని నిరూపించేదాకా సర్వీసు వల్లే అని ఒప్పుకోండి. రాష్ట్ర సైనిక సంక్షేమ శాఖ గ్రామాల్లో, తండాల్లో ఉన్న పాత గన్నర్ల జాబితా తయారుచేయాలి. విమానాశ్రయ ప్రాంతంలోని సెక్యూరిటీ ఏజెన్సీలకు ఒక్కటే మాట: మనిషి మరిచిపోతున్నాడని గమనించినప్పుడు తిట్టకండి, డాక్టరు దగ్గరికి పంపండి, పగటి డ్యూటీ వేయండి. తీసేసిన మా సభ్యుణ్ణి తిరిగి పనిలోకి తీసుకునేదాకా మేము అడుగుతూనే ఉంటాం.

పోయిన ఆదివారం సమావేశానికి ఆయన భార్య వచ్చింది. అందరూ మాట్లాడాక లేచింది. "అన్నా, గాయన మంచోడే. సప్పుడైతే మాత్రం మనిషి మారిపోతడు. ఇమానం కిందికెల్లి పోయినా, ఇంట్ల చెంచా కింద పడ్డా ఒక్కతీరుగ ఉలిక్కిపడతడు. తాగుడు లేదు, ఏం లేదు. ఇన్నేండ్లు నా నసీబనుకున్న. ఇది బీమారి అని గిప్పుడు మీరు చెప్తే ఇంటున్న." ఇంకేమీ అనలేదు, కూర్చుంది.

ఆ రోజే ఒక పొడుగాటి లెక్కల పుస్తకం కొన్నాం. ఎవరూ రాయని లెక్క మేమే రాస్తున్నాం. పేరు, రెజిమెంటు, ఏ తోపు, తోపు మీద ఎన్నో నంబరు పని, ఎన్నేళ్ళు, గుర్తున్నంతలో ఎన్ని కోర్సులు, ఎన్ని రౌండ్లు. చివర ఒక గడి ఇంట్లోవాళ్ళకు వదిలాం, వాళ్ళు చూసింది వాళ్ళే రాయడానికి. చుట్టుపక్కల మండలాల్లో ఉన్న గన్నర్లు, మోర్టారు వాళ్ళు, 84 పేల్చినవాళ్ళు, ఉస్తాదులు డిశ్చార్జి బుక్కు తీసుకుని ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు సంఘం గదికి రావాలి. కుదిరితే ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురండి. మొదటి పేజీ మొదటి వరుసలో మా సభ్యుడి పేరు ఎక్కింది. రౌండ్ల గడిలో ఆయన చాలాసేపు ఆలోచించి, "ఉస్తాదుగా ఉన్న ఆరేళ్ళవి లెక్క తెలియదు" అని రాశారు. చివరి గడి ఆయన భార్య నింపింది.

సంఘ కార్యవర్గం తరఫున,
కార్యదర్శి